ఆ మూడు ఆటల లెక్క

బావగారు అన్న మాట ఒకటి సాయంత్రం నుంచీ మింగుడు పడట్లేదు. పెద్దాయన, ఫోన్లో ఎదురు చెప్పలేక "అదేం కాదులెండి బావగారూ" అని ఊరుకున్నాను. ఇప్పుడు 2023 జూలై 25, రాత్రి పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం పట్టట్లేదు.

పొద్దున మీటింగులో ఉండగా మావారు ఒక్క ముక్క మెసేజ్ పెట్టారు: "అయిపోయింది." ఏమిటని అడగక్కర్లేకపోయింది. ఐస్ హాకీ ఆడే మా పాట్రిస్ బెర్జెరాన్ ఆట మానేస్తున్నాడు. నిన్ననే 38 నిండాయి. 19 సీజన్లు, 1,294 ఆటలు, 427 గోల్స్. అన్నీ బాస్టన్ బ్రూయిన్స్‌కే. వేరే జట్టు చొక్కా తొడుక్కోనేలేదు. ఊహించని కబురేం కాదు. ఏప్రిల్ 30 రాత్రి, ఏడాటల్లో నాలుగు గెలిచినవాళ్లే ముందుకెళ్లే నాకౌట్ పోటీలో, ఏడో ఆట ఫ్లోరిడా చేతిలో ఓడిపోయాక ఐస్ మీద నిలబడి ఒక్కొక్కడినీ కావలించుకుని, చివర్న జనం వైపు చెయ్యి ఊపాడు కదా, ఆ రోజే తెలిసిపోయింది. అయినా ఈ మూడు నెలలూ ఏమో, ఉంటాడేమో అనుకుంటూనే ఉన్నాను.

బావగారు ఎప్పటిలాగే రాత్రి భోజనాల వేళకి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేశారు. మావారు స్పీకర్లో పెట్టారు. "మీవాడు మానేస్తున్నాడటగా అమ్మా" అని మొదలుపెట్టి, నేను ఊఁ అనేలోపే, "పోయినేడే మానేసి ఉండాల్సింది. ఫ్లోరిడాతో అతను లేనప్పుడు నాలుగాటల్లో మూడు గెలిచారు. అతను వచ్చాక మూడుకి మూడూ పోగొట్టుకున్నారు. ఇంకో ఏడాది జీతం వస్తుందని ఉండిపోతే ఇలాగే అవుతుంది" అన్నారు. అని, అదే ఊపిరిలో మావారిని కారు ఇన్సూరెన్సు గురించి అడిగారు.

ముందు ఆ జీతం సంగతి. తెలియకపోతే ఊరుకోవచ్చు, తెలియకుండా అనేస్తే ఎలా? అంతకుముందు కాంట్రాక్టులో అతనికి ఏడాదికి 60 లక్షల డాలర్ల పైమాటే. ఆఖరి ఏడాదికి తీసుకున్నది 25 లక్షలు, మరో 25 లక్షలు బోనస్ కింద. ఎందుకంటే ఈ లీగ్‌లో జట్టు మొత్తం జీతాలకి ఒక హద్దు ఉంటుంది, సాలరీ క్యాప్ అంటారు. పెద్దవాడు తగ్గించుకుంటే ఆ మిగిలిన దాంతో ఇంకొకరిని పెట్టుకోవచ్చు. జట్టులో ఇంకో పెద్దవాడు క్రేచీ కూడా అలాగే, చెక్ దేశం నుంచి తిరిగొచ్చి 10 లక్షలకి ఒప్పుకున్నాడు. ఇద్దరూ అలా తగ్గించుకున్నారు కాబట్టే ఆ జట్టు అలా కుదిరింది. దాన్ని పట్టుకుని జీతం కోసం అంటారా!

ఇక ఏడాది ఎక్కువ ఆడాడు అన్న మాట. ఆ ఎక్కువ ఆడిన ఏడాదిలోనే జట్టు 65 ఆటలు గెలిచింది. ఈ లీగ్ చరిత్రలో ఒక సీజన్లో అన్ని గెలిచిన జట్టు ఇంకోటి లేదు. 62 దగ్గర డెట్రాయిట్, టాంపా ఆగిపోయాయి. పాయింట్లు 135. మాంట్రియల్ 1976–77లో పెట్టిన 132 ఇన్నేళ్లూ చెక్కుచెదరలేదు, దాన్నీ దాటేశారు. జట్టులో పాస్టర్నాక్ 61 గోల్స్ కొట్టాడు. బెర్జెరాన్ 78 ఆటలాడి 27 కొట్టాడు. పోయిన నెల సెల్కీ ట్రోఫీ ఆరోసారి ఇచ్చారు. ఫార్వర్డ్‌లలో డిఫెన్స్ బాగా ఆడేవాడికిచ్చేది అది. ఆరుసార్లు అందుకున్నవాడు మరొకడు లేడు. వేళ మించినా వేలాడేవాడికి ఇస్తారా అది?

బావగారికి తెలిసేది గోల్స్ లెక్కే. ఆయన్నని ఏం లాభం, చాలామందికి అంతే. ఐస్ మీద గుండ్రటి గీత దగ్గర ఇద్దరు వంగి నిలబడతారు, రిఫరీల్లో ఒకరు మధ్యలో పక్ వదులుతారు, అదే ఆ నల్లటి రబ్బరు బిళ్ల. రెప్పపాటు పని, దాన్నే ఫేసాఫ్ అంటారు. పదిసార్లలో ఆరుసార్లు పక్ బెర్జెరాన్‌దే. వెనక్కి లాగి మనవాళ్లకి అందిస్తాడు, పది సెకన్ల తర్వాత ఎవరో గోల్ కొడతారు, పేరు వాళ్లది వస్తుంది. మనవాడొకడు పెనాల్టీలో కూర్చున్నప్పుడు ఒకరు తక్కువతో ఆడాలి, అప్పుడూ ఇతనే దిగాలి. నిమిషం మిగిలి ఒక్క గోల్ ఆధిక్యం ఉన్నప్పుడూ ఇతనే.

అన్నట్టు, ఇది మొదట కనిపెట్టింది నేను కాదు, మా అమ్మ.

2013లో అమ్మ నా పురిటికి వచ్చింది. అప్పుడు మేం బాస్టన్ పక్కన వాల్తామ్‌లో రెండో అంతస్తు అద్దింట్లో ఉండేవాళ్లం. చిన్నోడు పుట్టిన కొత్త. ఏప్రిల్ 15న బాస్టన్ మారథాన్ పరుగు దగ్గర బాంబులు పేలాయి. ఆ శుక్రవారం పక్కనే ఉన్న వాటర్‌టౌన్‌లో ఆ బాంబులు పెట్టిన కుర్రాడి కోసం వెతుకుతున్నారని మా ఊళ్లో కూడా ఎవరినీ గడప దాటొద్దన్నారు. హెలికాప్టర్లు తిరుగుతూనే ఉన్నాయి. అమ్మ కర్టెన్లన్నీ వేసేసి, పిల్లాణ్ణి పొత్తిళ్లలో పెట్టుకుని హాల్లో గోడకి ఆనుకుని కూర్చుంది. తెనాలి నుంచి నాన్న ఫోన్ మీద ఫోన్. పాలు అయిపోతున్నాయి, కొట్లన్నీ మూత. ఆ రోజు గురించి ఇంతకు ముందు రాశాను, మళ్లీ వద్దు. దానికి రెండ్రోజుల ముందు బుధవారం రాత్రి, బాంబుల తర్వాత బ్రూయిన్స్ సొంత స్టేడియం గార్డెన్‌లో జరిగిన మొదటి ఆట, బఫలోతో. జాతీయగీతం పాడే రెనీ రాంకూర్ మొదటి రెండు ముక్కలు పాడి మైకు దించేశాడు. మిగతాదంతా జనమే పాడారు. అమ్మకి ఆ పాటా తెలియదు, ఆటా తెలియదు. కళ్లు తుడుచుకుంది. అప్పటి నుంచి ఆట ఉన్న రాత్రుల్లో టీవీ ముందు కూర్చునేది. పిల్లాడు ఎలాగూ తెల్లవార్లూ మేలుకునేవాడు.

ఆ ఏడు నాకౌట్‌లో టొరంటోతో ఏడో ఆట మే 13న. మూడో పీరియడ్‌లో, అంటే ఆట ఆఖరి భాగంలో, 4–1తో వెనకబడ్డారు. మావారు రిమోట్ తీసుకున్నారు కట్టేద్దామని. "ఉండనీ నాయనా, వీడు ఆ వెలుగు చూస్తూ ఊరుకున్నాడు" అంది అమ్మ. అలా ఉండిపోయింది టీవీ. ఒక గోల్ పడింది. ఆఖరి రెండు నిమిషాల్లో ఇంకో రెండు. వాటిలో రెండోది, స్కోరు సమం చేసినది, బెర్జెరాన్‌ది. అప్పటికి నిమిషం కూడా మిగల్లేదు. అదనపు సమయంలో గెలిపించిన గోల్ కూడా అతనిదే. మావారి అరుపుకి పిల్లాడు ఝడుసుకుని ఏడుపు అందుకున్నాడు, కింద అద్దెకున్నవాళ్లు పైకి ఏదో కర్రతో కొట్టారు, వాళ్లూ అరుస్తున్నారు. అమ్మ మాత్రం, "ఆ 37 నంబరు అబ్బాయి గోల్ కొట్టినా కొట్టకపోయినా వెనక్కి పరిగెత్తుతూనే ఉంటాడేమే? మిగతావాళ్లు అలా రారు" అంది. సెల్కీ ట్రోఫీ దేనికిస్తారో అమ్మకి ఎవరూ చెప్పలేదు.

ఆ జూన్‌లో షికాగోతో ఫైనల్ ఓడిపోయారు. ఆరో ఆటలో, ఇంకా నిమిషంన్నర కూడా లేదనగా, 17 సెకన్ల తేడాలో రెండు గోల్స్ ఇచ్చుకున్నారు. తర్వాత తెలిసింది, ఆ ఆట బెర్జెరాన్ పక్కటెముక విరిగి, భుజం కీలు తప్పి, ఊపిరితిత్తికి చిల్లుతో ఆడాడని. నేను పేపర్లో చదివి అమ్మకి గొప్పగా చెప్పాను, చూశావా ఎంత మొండివాడో అని. అమ్మ పాలసీసా కడుగుతూ ఆగిపోయింది. "ఎవరూ వద్దనలేదా?" అంది. "వాళ్లమ్మ చూస్తూ ఉంటుంది కదే."

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. మొదలుపెట్టినప్పుడు ఆ మూడు ఆటల గురించి ఇంకోలా రాద్దామనుకున్నాను. నడుములో డిస్క్ జారి కూడా జట్టు కోసం తిరిగొచ్చాడు, ఆ వీరత్వం బావగారికేం తెలుసు అని. ఇప్పుడది రాయబుద్ధి కావట్లేదు. అమ్మ మాట అడ్డం వస్తోంది.

బావగారి అంకెలు నిజమే. డిస్క్ జారింది ఏప్రిల్ 13న మాంట్రియల్‌లో, సీజన్ చివరాటలో. అప్పటికే గెలుపుల రికార్డూ పాయింట్ల రికార్డూ వీళ్ల చేతిలో ఉన్నాయి, ఆ ఆటతో మారేదేమీ లేదు. ఆడించకుండా ఉండాల్సిందని ఏప్రిల్ నుంచీ నేను మావారితో పోట్లాడుతూనే ఉన్నాను. కానీ అతను పుట్టింది మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలోనే. ఆ గడ్డ మీద ఇదే ఆఖరాట అని లోపల తెలిసినవాడు దిగకుండా ఎలా ఉంటాడు? అది నా ఊహే అనుకోండి. నాలుగాటలు కూర్చున్నాడు, 3–1 ఆధిక్యం ఉంది, అయిదో ఆటకి వచ్చాడు. మూడూ పోయాయి, అందులో రెండు అదనపు సమయంలో. ఏడో ఆటలో నిమిషం ఉందనగా ఫ్లోరిడా స్కోరు సమం చేసింది. పదేళ్ల కిందట టొరంటోకి ఇతను చేసిన పనే ఇప్పుడు ఇతనికి జరిగింది. 65 గెలుపులున్నాయి కదా అని ఆ ఓటమిని పక్కకి నెట్టేయలేను. ముందు అలాగే రాద్దామనుకున్నాను. అతను కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డ చోట, దానికేం ఫర్వాలేదని నేనెలా అంటాను?

కాకపోతే ఆ మూడాటల్లోనూ నేనడిగే ప్రశ్న మారింది. ఎందుకు ఆడాడు అని కాదు, ఎవరూ వద్దనలేదా అని. 2007లో, 22 ఏళ్లప్పుడు, వెనక నుంచి తోస్తే బోర్డుకి కొట్టుకుని ముక్కు విరిగి, తలకి దెబ్బ తగిలి ఆ సీజనంతా పోయింది. అప్పుడు మొదలు, పక్కటెముకలు, భుజం, ఊపిరితిత్తి, ఇప్పుడు నడుము. ప్రతిసారీ మేం కుర్చీల్లో కూర్చుని వహ్వా అన్నాం. అతను తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇంకా గట్టిగా అరిచాం. ఈ ఊళ్లో అతన్ని వద్దనగలిగిన గొంతు ఒక్కటైనా ఉందా అని. చివరికి తనకు తానే వద్దనుకున్నాడు. పొద్దున ఏడుపొచ్చింది, ఇప్పుడు రాస్తుంటే నిమ్మళంగా ఉంది. నడుచుకుంటూ ఇంటికెళ్లాడు, పిల్లల్ని ఎత్తుకోగలడు. బావగారికి వచ్చే వారం చెప్తాను, అంకెలు సరే, జీతం మాట మాత్రం వెనక్కి తీసుకోమని.

ఇందాక అమ్మకి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున్నే కదా. చెప్తే, "ఊపిరితిత్తికి చిల్లు పడిన అబ్బాయేనా? మానేశాడా, మంచిపని చేశాడు" అని, చిన్నోడు పెరుగన్నం తింటున్నాడా అని అడిగింది.

రేపు గార్డెన్‌లో విలేకరులతో మాట్లాడతాడట. ఆఫీసులో ఆ గంట ఖాళీ పెట్టుకున్నాను. క్రేచీ ఇంకా ఏమీ చెప్పలేదు. అతనూ మానేస్తే మధ్యలో ఆడే ఇద్దరు పెద్దవాళ్లూ ఒకేసారి పోయినట్టు, అదీ జట్టుకి నూరో ఏడు జరుపుకునే సీజన్లో. బెర్జెరాన్ వదిలిన కెప్టెన్సీ మార్షాండ్‌కే ఇవ్వాలి, అందులో నాకు అనుమానం లేదు. ఫేసాఫ్‌లకి ఎవరు దిగుతారన్నదే బెంగ. జాకా అని నేనంటే, కోయిల్ అని చిన్నోడు. వాడికి పదేళ్లు, 37 నంబరు లేని బ్రూయిన్స్‌ని వాడెప్పుడూ చూడలేదు.