కాగితం మీద జనరల్

దూరాలు సైకిల్ తొక్కేవాళ్లకి 'బ్రెవే' అంటే వేరే వివరణ అక్కర్లేదు. 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటలు, దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్రలు. నేనూ ఆ గుంపులోవాణ్ణే. అందుకే అమెరికా అంతర్యుద్ధం గురించి చదువుతుంటే ఒక కల్నల్ పేరు ముందు 'బ్రెవెట్ మేజర్ జనరల్' అని కనిపించగానే, ఈయనకి సైకిలెక్కడిది అని నవ్వొచ్చింది.

తీరా చూస్తే రెండూ ఒకటే మాట. లాటిన్‌లో 'బ్రెవిస్' అంటే పొట్టిది. దాన్నుంచి ఫ్రెంచిలో 'బ్రెఫ్', అంటే ఉత్తరం. చిన్న ఉత్తరమైతే 'బ్రెవే'. రాజుగారు ఎవరికైనా పింఛనో బిరుదో ఇస్తూ రాయించే చీటీ కూడా అదే. సైన్యంలోకి వచ్చేసరికి ఆ చీటీ పేరే హోదా పేరైపోయింది.

గౌరవ డాక్టరేట్ లాంటిదా అంటే, పూర్తిగా కాదు. డాక్టరేట్ బయటివాళ్లకి ఇస్తారు. బ్రెవెట్ మాత్రం కొలువులో ఉన్న ఆఫీసరుకే, యుద్ధంలో ఏదో చేసి చూపిస్తే ఇచ్చేవారు. పై హోదా పేరు వస్తుంది, రెజిమెంటులో స్థానం మారదు, జీతం కూడా మామూలుగా పాతదే. అమెరికాలో 1812లో దీనికి చట్టం చేశారు. ముందుగా అందుకున్నది జాకరీ టేలర్, తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైనాయన. అప్పట్లో వాళ్లకి పతకాల పద్ధతి లేదు. రిటైర్మెంట్ లేదు కాబట్టి పైవాళ్లు కుర్చీ ఖాళీ చేసేవారూ కాదు. సర్కారుకి పైసా ఖర్చు లేని మెచ్చుకోలు ఇది.

ఖర్చు లేదు కానీ గొడవలకి కొదవ లేదు. 1845లో టెక్సాస్‌లో టేలర్ దగ్గర ఇద్దరు కల్నల్స్ ఉన్నారు. ట్విగ్స్ కల్నల్‌గా సీనియర్. వర్త్ జూనియరే, కానీ బ్రెవెట్ బ్రిగేడియర్ జనరల్. టేలర్ లేనప్పుడు ఆజ్ఞలు ఎవరివి? శత్రువు సంగతి పక్కనపెట్టి శిబిరమంతా ఇదే రచ్చ. చివరికి అధ్యక్షుడు పోల్క్ ట్విగ్స్ వైపు తీర్పిచ్చాడు. వర్త్ అలిగి రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఇంతలో మెక్సికోతో యుద్ధం మొదలైంది, రాజీనామా వెనక్కి తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. మెక్సికోలోని మాంటెరేలో బాగా పోరాడినందుకు ఆయనకి ఏమిచ్చారో తెలుసా? ఇంకో బ్రెవెట్!

అంతర్యుద్ధం ముగిసేనాటికి ఇది మరీ చవకైపోయింది. ఒక్క 1865 మార్చి 13 తేదీతోనే గుట్టలుగా బ్రెవెట్లు కనిపిస్తాయి. జనం 'జనరల్ కస్టర్' అంటూ వచ్చిన మనిషి 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో చనిపోయేనాటికి అసలు హోదా లెఫ్టినెంట్ కల్నల్. అయినా 'జనరల్' అని పిలవకపోతే అమర్యాద. ఈ మర్యాద గోల మనవాళ్లకి కొత్తేం కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది కంచరగాడిదల కథ. 1863 అక్టోబరులో టెనెసీలోని వాహాచీ దగ్గర రాత్రిపూట యుద్ధం. కాల్పులకి బెదిరిన యూనియన్ (ఉత్తరాది) సైన్యం కంచరగాడిదలు తాళ్లు తెంచుకుని శత్రువుల మీదికి పరిగెత్తాయట. చీకట్లో అశ్వికదళం వచ్చిపడిందనుకుని వాళ్లు చెదిరిపోయారట. ఈ శౌర్యానికి మెచ్చి వాటికి గుర్రాలుగా బ్రెవెట్ హోదా ఇవ్వాలని ఒక సరఫరా అధికారి పైకి రాశాడని చెప్పుకుంటారు. మంజూరైనా, వాటికి గడ్డి మాత్రం పెరిగేది కాదు లెండి.