టమాటాలు సీసాల్లోకి, గోరుచిక్కుళ్ళు ఎండలోకి

దసరా నుంచి కార్తీకం దాకా మా మిద్దె మీద పంటంతా ఒక్కసారే మీద పడుతుంది. వానాకాలం మొదట్లో నాటిన నాటు టమాటా అప్పుడే గుత్తులుగా పండుతుంది, మధ్యలో ఒక గట్టి వాన కొట్టిందా, ఎండిన మట్టికి నీళ్ళు ఎక్కువై కాయలు పగులుతాయి, పగిలినవి మర్నాటికి పనికిరావు. రోజూ పప్పులో ఎన్నని వేస్తాం, వాచ్‌మన్‌కీ పక్కింటి ఆంటీకీ ఎన్నని పంచుతాం?

ఊరగాయ పెడతాం, అది మానే ప్రసక్తే లేదు. కానీ నాన్నకి బీపీ, అంత ఉప్పు పడదు, పైగా ఎండాకాలంలో చెట్లు కాపు ఆపేసినప్పుడు చారుకీ కూరకీ నాకు కావాల్సింది ఉత్త టమాటా గుజ్జు. అందుకే ఏటా కొంత పంట గాజు సీసాల్లో క్యానింగ్ చేసి, అంటే సీసాల్లో నింపి, మూత పెట్టి, మరిగే నీళ్ళలో ఉంచి, దాస్తున్నాను. అమ్మకి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. "ఉప్పు లేకపాయె, నూనె లేకపాయె, గట్లెట్ల నిలవుంటదే? బూజు పట్టదా?" అంటుంది.

అడగాల్సిన ప్రశ్నే అది. జాడీలో ఊరగాయని కాపాడేది ఉప్పూ పులుపూ. క్యానింగ్‌లో ఉప్పు రుచి కోసమే, కాపాడేవి వేడి, పులుపు, గాలి చొరబడని మూత. ఈ మూడింటిలో మనవాళ్ళు తేలిగ్గా తీసుకునేది పులుపు. ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా దాని గురించే.

మట్టిలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి ఉంటుంది. దాని బీజాలు మరిగే నీళ్ళకి చావవు, వాటిని చంపాలంటే 121 డిగ్రీల దాకా వేడి కావాలి. గాలి లేకుండా, పులుపు తక్కువగా ఉన్న సీసాలో అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి, ఆ విషం నరాలని పట్టేసి ఊపిరి ఆడకుండా చేస్తుంది. సీసా తెరిచినప్పుడు వాసనలోనో రుచిలోనో తేడా తెలుస్తుందన్న నమ్మకం కూడా లేదు. పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉంటే, అంటే పులుపు చాలినంత ఉంటే, అవి పెరగలేవు. టమాటా సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటుంది, కొన్ని కాయలు 4.3, కొన్ని 4.9. బాగా మగ్గిన కొద్దీ పులుపు ఇంకా తగ్గుతుంది. నోట్లో వేసుకుని "పుల్లగానే ఉంది" అనుకుంటే సరిపోదు.

అందుకే ప్రతి సీసాలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేయాలి. కిరాణా కొట్లో దొరికే తినే నిమ్మ ఉప్పే. 475 మి.లీ. సీసాకి పావు టీస్పూను, తలకొట్టి కొలిచి, సీసా సీసాకీ విడివిడిగా. వంటలో నేను కొలతలు చూసే మనిషిని కాదు, ఉప్పూ కారం కంటి అందాజే. ఇక్కడ మాత్రం చెంచా లేకుండా సీసా ముట్టుకోను.

పని పెద్దదేమీ కాదు. గట్టిగా ఉన్న పండ్లని మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి చన్నీళ్ళలో వేస్తే తోలు ఊడొస్తుంది. ముక్కలు చిదిమి, గిన్నెలో అయిదు నిమిషాలు ఉడికించి, వేడివేడిగా సీసాల్లో పోయాలి. అంచుకి అర అంగుళం ఖాళీ వదలాలి. సన్న గరిటె కాడ లోపల తిప్పి బుడగలు పోగొట్టి, అంచు తడిగుడ్డతో తుడవాలి. ఆ అంచు మీద ఒక్క టమాటా గింజ ఉన్నా మూత పట్టదు. తర్వాత పెద్ద గిన్నెలో అడుగున స్టాండు వేసి, మూతల మీద ఒక అంగుళం నీళ్ళు నిలిచేలా ముంచి మరిగించాలి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ఈ సైజు సీసాకి 35 నిమిషాలు, 300 మీటర్ల ఎత్తు దాటితే 40. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్ళు 100 డిగ్రీల కంటే కొంచెం ముందే మరుగుతాయి, కాబట్టి మనకి 40. నీళ్ళు తెర్లడం మొదలయ్యాకే టైం చూసుకోండి.

తీసిన సీసాలు గ్రానైట్ గట్టు మీద పెట్టొద్దు, చిట్లుతాయి, మడతపెట్టిన తువ్వాలు వేయండి. చల్లారే కొద్దీ మూతలు ఒక్కొక్కటే టక్‌మని లోపలికి గుంజుకుంటాయి. మర్నాడు మూత మధ్యలో వేలితో నొక్కితే కదలకూడదు, కదిలితే ఆ సీసా ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడేయడమే. రింగుతో వచ్చే మూతలు బయట కొట్లలో అంతగా కనపడవు, నేను ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను. రింగు మళ్ళీ వాడొచ్చు, రబ్బరు పూత ఉన్న మూత మాత్రం ప్రతిసారీ కొత్తదే.

వెల్లుల్లి, ఉల్లిపాయ, నూనె లోపల వేయకండి, పులుపూ వేడీ లెక్క తప్పుతుంది. తిరగవాత తెరిచాక వేసుకుందాం.

ఇంక ప్రెషర్ కుక్కర్ సంగతి. బీన్స్, మొక్కజొన్న గింజలు సీసాలో పెట్టి కుక్కర్‌లో నాలుగు విజిల్స్ వేయిస్తే ఏడాది నిలవ అని చూపించే వీడియోలు చూస్తుంటే నాకు నిజంగా భయమేస్తుంది. మన కుక్కర్ చిన్నది, త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, సీసా నడిమధ్యకి చాలినంత వేడి చాలినంత సేపు అందిందని ఎవరూ పరీక్షించి చెప్పలేదు. పులుపు లేని కూరగాయలకి క్యానింగ్ కోసమే చేసిన ప్రెషర్ క్యానర్ కావాలి. అది మా ఇంట్లో లేదు, కాబట్టి ఆ పని జోలికి పోను.

వాటికి మన ఒరుగులు ఉన్నాయి కదా. గోరుచిక్కుడు ఉప్పు నీళ్ళలో ఒక ఉడుకు రానిచ్చి, వార్చి, పాత చీర మీద గలగలలాడేదాకా ఎండబెడితే చాలు. కార్తీకంలో ఎండ బాగానే కాస్తుంది, రాత్రి మంచుకి మాత్రం తప్పకుండా లోపల పెట్టాలి. ఉసిరికాయలు ఎలాగూ అమ్మ జాడీలోకే, వాసెన కట్టే పని కూడా ఆవిడదే.

సీసాలు వంటింట్లో పొయ్యికి దూరంగా, వెలుగు తగలని కింది అరలో పెడతాను. మన ఎండాకాలం వేడికి ఎక్కువ నెలలు ఉంచకుండా మే నాటికి వాడేస్తాం. ఈలోగా ఏ మూతైనా ఉబ్బినా, కారినా రుచి చూడకండి, కుక్కకి కూడా వేయకండి, పారేయండి.