నా టీమ్ ఇక్కడ లేరు కదా

విజయనగరంలో మా అమ్మ శుభలేఖ మనవరాలి చేతికిచ్చి, "ఏటి రాసుందో సదువమ్మా" అంది. పదేళ్ళ మా అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. "నేను చదవను అమ్మమ్మా. నా టీమ్ ఇక్కడ లేరు కదా." కార్డుకి ఒక వైపు తెలుగు, రెండో వైపు ఇంగ్లీషు. రెండూ చదవనంది. అలగలేదు, గొంతు పెంచలేదు. వాన పడుతోంది కాబట్టి బయటికి రాను అన్నంత మామూలుగా అంది.

టీమ్ అంటే అమెరికాలో, చదవడం కష్టమయ్యే మా అమ్మాయికి బడిలో తోడుండే టీచర్లూ, నిపుణులూ. వాళ్ళెవరో అమ్మకి చెప్పడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది. చెబుతుంటే ఒక సంగతి గుచ్చుకుంది. చదవడం, రాయడం, లెక్కలు అందరిలా పట్టుబడని పిల్లల కోసం మా అన్నయ్యా, ఆయన స్నేహితులూ ఊళ్ళో ఒక చిన్న బడి పెడదామనుకుంటున్నారు. ఏడాదిగా మేం నలుగురైదుగురం అమెరికా నుంచి ఫోన్లలో మాట్లాడుతూనే ఉన్నాం. గదులెన్ని, బెంచీలెన్ని, ట్యాబ్‌లు ఎవరు కొంటారు, ఇదే మాట. టీచరు వెనక ఎవరుంటారన్న ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు.

మా అమ్మాయికి ఆ టీమ్ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. అమెరికాలో 1975లో వచ్చి, 1990 నుంచి ఐడియా అన్న పేరుతో నడుస్తున్న చట్టం ఇప్పించింది. అమ్మో నాన్నో, తరగతి టీచరు, స్పెషల్ ఎడ్యుకేటరు, బడి తరఫున ఒప్పుకోగలిగే అధికారి, పరీక్షల ఫలితాలు విడమరిచి చెప్పగలిగే మనిషి, ఇంతమందీ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. తల్లిదండ్రులు సంతకం పెట్టాక, రాష్ట్రం వేరే గడువు పెట్టుకుంటే తప్ప, 60 రోజుల్లో పిల్లకి సాయం కావాలో లేదో తేల్చే పరీక్షలు పూర్తి కావాలి. ఐఈపీ అనే ఆ పిల్ల ప్రణాళికని ఏడాదికోసారైనా మళ్ళీ చూడాలి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో), డిస్కాల్క్యులియా (లెక్కల్లో) లాంటి అభ్యసన వైకల్యాలని చేర్చింది. హక్కు అయితే వచ్చింది. బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చోవాలో, ఎన్నాళ్ళకోసారి కూర్చోవాలో మాత్రం బడి తనే పట్టుబట్టి ఏర్పాటు చేసుకోవాలి.

ఊళ్ళో పెట్టే బడిలో టీచరు వెనక ఉండాల్సిన సలహాదారుల వరసలో ముందు చెవి, కన్ను చూసేవాళ్ళు రావాలి. చిన్నప్పుడు మాటిమాటికీ చెవి కారిన పిల్లకి కొన్ని ధ్వనులు సరిగా వినబడకపోవచ్చు. కళ్ళజోడు అవసరమైన పిల్లాడు బోర్డు మీది అక్షరాలు తప్పు చదవచ్చు. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష, కంటి పరీక్ష అయ్యాకే ఎవరైనా డిస్లెక్సియా అన్న మాట ఎత్తాలి. ఆ తరవాత క్లినికల్ సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష, చదువుకి సంబంధించిన పరీక్ష రెండూ చేస్తారు. మన దేశంలో ఎక్కువగా వాడే, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పరీక్షల్లో 5 నుంచి 7 ఏళ్ళకి ఒక స్థాయి, 8 నుంచి 12 ఏళ్ళకి ఇంకో స్థాయి ఉన్నాయి. వైకల్యం ఉందన్న సర్టిఫికెట్టు మామూలుగా ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు. దాని కోసం ఆగాలి గానీ సాయానికి ఆగక్కర్లేదు. ఆరేళ్ళ పిల్లకి ధ్వనులు విడగొట్టడం నేర్పడానికి ఏ కాగితమూ అడ్డు రాదు. సర్టిఫికెట్టు వచ్చేదాకా చూద్దాం అని రెండేళ్ళు పోగొట్టడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికన్నా మామూలుగా జరిగేదీ, అన్నిటికన్నా ఖరీదైనదీ.

మనిషిని పెట్టుకునే ముందు అడగాల్సిందొకటుంది. క్లినికల్ సైకాలజిస్టుకీ, స్పీచ్ థెరపిస్టుకీ, స్పెషల్ ఎడ్యుకేటరుకీ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చే సీఆర్ఆర్ అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆక్యుపేషనల్ థెరపిస్టు (ఓటీ) ఆ కౌన్సిల్ కిందకి రారు. ఆ వృత్తికి 2021లో వేరే చట్టం వచ్చింది. అది తెలియక మంచి ఓటీని వెనక్కి పంపేసే ప్రమాదం ఉంది. ఇంకొకటి, పిల్లతో ఒంటరిగా పనిచేసే ప్రతి గది తలుపుకీ అద్దం ఉండాలి. ఎంత పేరున్న డాక్టరు వచ్చినా సరే.

ఇక గంటలు. మేం అనుకుంటున్నది 24 మంది పిల్లలు. సలహాదారు విశాఖ నుంచి వస్తే దారి అరవై కిలోమీటర్లు. ఇంత దూరం వచ్చారు కదా అని ఒక్క రోజులో అందరినీ చూపించేస్తే తలా పదిహేను నిమిషాలకి మించి రావు. అంతలో పిల్ల సిగ్గు కూడా వదలదు. రోజుకి ఆరుగురు చాలు. ఒక్కొక్కరిని తరగతిలోనే నలభై నిమిషాలు వెనక కూర్చుని చూసి, ఆ టీచరుతో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. అలా నెలకి నాలుగు రోజులొస్తే 24 మందీ అవుతారు. ఆ ఇరవై నిమిషాలే అసలు పని. మామూలుగా మింగేసేది కూడా వాటినే. భోజనం వేళయిందనో, కారు వచ్చిందనో.

నివేదికలు ఇంగ్లీషులో పన్నెండు పేజీలుంటాయి. చివర్న "బహుళ ఇంద్రియ పద్ధతిలో బోధించాలి" అన్న వాక్యం ఉంటుంది. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి టీచరు ఆ వాక్యంతో ఏం చెయ్యాలి? "చదివే నైపుణ్యం మెరుగుపడాలి" అన్నది లక్ష్యం కాదు, కోరిక. డిసెంబరు ఆఖరుకి, ఇదివరకు చూడని 20 ఒత్తు పదాల్లో 16, సాయం లేకుండా, వరసగా మూడు రోజులు చదవాలి అని రాస్తే అది లక్ష్యం. టీచరు రోజూ ఒక గీత పెట్టుకోగలదు. వాళ్ళమ్మకి తెలుగులో చదివి చెప్పగలదు. పదహారు రాకపోతే పిల్లని అనకుండా పద్ధతి మార్చొచ్చు.

ఒత్తుల దగ్గర కాస్త ఆగుతాను. అమెరికాలో నేర్చుకున్నది ఎత్తుకెళ్ళి విజయనగరంలో దింపితే ఎక్కడ బెడిసికొడుతుందో ఇక్కడే తెలుస్తుంది. ఇంగ్లీషులో 26 అక్షరాలు నలభైకి పైగా ధ్వనుల్ని మోస్తాయి. అందుకే డిస్లెక్సియా ఉన్న పిల్ల తప్పులు ఎక్కువ చేస్తుంది. తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొత్తు గట్టిది, అందుకే తప్పులు తక్కువ, నత్తనడక ఎక్కువ. తప్పులు మాత్రమే లెక్కపెట్టే సలహాదారు ఈ పిల్ల బాగానే చదువుతోంది అని రాసి వెళ్ళిపోతారు. గడియారం పెట్టాలి.

"ఆస్తి" అన్న మాట చూడండి. చెవికి ఆ తరవాత స్, త్, ఇ వరసగా వినబడతాయి. కాగితం మీద గుడి స నెత్తిన కూర్చుంటుంది, త కిందికి దిగిపోతుంది. కన్ను పైనుంచి కిందికి వస్తే ముందు సి, తరవాత త. పిల్లాడు "ఆసిత" అంటాడు. వాడు చూసింది చూసినట్టే చదివాడు. దీనికి స్పీచ్ థెరపిస్టు ఇచ్చే ఉపాయం చింతపిక్కలు. మాట వినిపించి, ధ్వనికో పిక్క చొప్పున ఆ, స్, త్, ఇ అని నాలుగు పిక్కలు వరసగా జరిపించాలి. ఆ తరవాత స్పెషల్ ఎడ్యుకేటరు "ఆస్ తి" అని విడదీసి రాస్తారు. త మీది గుడి ఎర్ర రంగు. పక్కనే కలిపి "ఆస్తి" అని రాసి, గుడిని అదే ఎరుపులో, ఒత్తుని నీలంలో పెడతారు. పిల్లాడి వేలు స దగ్గర మొదలై, కింద ఒత్తుకి దిగి, మళ్ళీ పైకెక్కి గుడి దగ్గర ఆగాలి, నోరు కూడా అదే వరసలో పలకాలి. రోజుకి నాలుగు మాటలు, ఐదు నిమిషాలు, ముందు నిన్నటివి. రెండో వారంలో రంగులు తీసెయ్యాలి. తియ్యకపోతే పిల్లాడు రంగుని చదవడం నేర్చుకుంటాడు, అక్షరాన్ని కాదు. ఓటీ చూసేది వేరే. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే వేలికి నిలకడ ఉండదు, పాదాల కింద ఇటుకైనా పెట్టాలి. ఈ ముగ్గురూ మూడు వేర్వేరు రోజుల్లో వచ్చి మూడు కాగితాలిచ్చి వెళ్తే టీచరు దేన్నీ చెయ్యలేదు. నెలకోసారి ముగ్గురూ, ఫోన్లోనైనా, కలిసి పిల్లకి ఒకే పేజీ రాయాలి.

ఒత్తులు మొదలుపెట్టే మాటల్లో కూడా ఒక చిక్కుంది. అందరూ అమ్మతో మొదలుపెడతారు. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకి తల్లి అక్షరంతో పోలికే ఉండదు. అమ్మ, నాన్న, అత్త, అయ్య, పిల్ల, బుర్ర, ఇంట్లో ఎక్కువ వాడే మాటలన్నీ అవే. ఈ పిల్లలకి చెట్టు, బొగ్గు, ముద్ద, గడ్డ, డబ్బా ముందు రావాలి. వాటిలో ఒత్తు దాదాపు తల్లి అక్షరంలాగే ఉంటుంది, తలకట్టు ఉన్నవాటికి అది పోతుంది, అంతే. అమ్మ కాస్త ఆగాలి. నాకు ఈ సంగతి తెలియని రోజుల్లో "అమ్మ" రాయలేకపోతోందని మా పిల్లని ఎంత సతాయించానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

యాస తెలియని సలహాదారు ఇంకో పొరపాటు చేస్తారు. మా వైపు పిల్లాడు వీధిని "ఈది" అంటాడు, వెళ్తున్నానుని "ఎల్తన్నాను" అంటాడు. విజయనగరం అని అచ్చులో ఉంటే "ఇజీనారం" అని చదివేస్తాడు. అది తప్పు కింద లెక్క కట్టకూడదు. మాట గుర్తుపట్టి, అర్థం తెలిసి, తన నోటితో పలికిన పిల్లాడు వాడు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర నేర్చుకోవాలని నేర్చుకున్నారు, ఆ భాషలోనే వాళ్ళకి వాచకాలు రాశారు. ఆ గడ్డ మీద పెట్టే బడి పిల్లాడి ఇంటి మాటని తప్పుల పట్టీలో రాయకూడదని నా పట్టుదల. దీని మీద అన్నయ్యతో రెండుసార్లు గొడవ కూడా పడ్డాను.

డబ్బు పంపేవాళ్ళకి ఒక్క మాట. సలహాదారుల్లో ఆడిటరు కూడా ఉండాలి, మొదటి రూపాయి రాకముందే. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే వస్తుంది. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి. అది రావాలంటే మామూలుగా సంస్థకి మూడేళ్ళ వయసు, అసలు పనిమీద 15 లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తరవాత, రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థకి పంపి అక్కడినుంచి మళ్ళించడం కుదరదు. మాలో సగం మందిది నీలం పాస్‌పోర్టే అయినా అది అమెరికాది. అన్నయ్య అప్పటికే గదులకి అడ్వాన్సు ఇచ్చేశాడు.

ఇంతా రాశాక కూడా వేరే బడి పెట్టడమే సరైనదా అన్న అనుమానం నన్ను వదల్లేదు. ఆ 2016 చట్టం మాట్లాడేది అందరితో కలిపి చదివించడం గురించి. మండలాల్లో సమగ్ర శిక్ష అనే సర్కారు పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటిలో పనిచేసే రిసోర్సు టీచర్లున్నారు. మా నాలుగు రోజుల సలహాదారుల్ని ఆ టీచర్ల దగ్గరికే పంపితే, 24 మందికి అందేది ఇంకా చాలామందికి అందుతుందేమో. కానీ మామూలు తరగతిలో నలభై మంది ముందు "ఆసిత" అని చదివి నవ్వులపాలైన పిల్లాడికి, ఒక ఏడాదైనా నవ్వని గది కావాలి కదా అని కూడా అనిపిస్తుంది. మా అమ్మాయి విషయంలో నేను కోరుకున్నది మామూలు తరగతే. ఊళ్ళో పిల్లలకి వేరే బడి కోరుకుంటున్నాను. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుందో నాకు నేనే చెప్పుకోలేకపోతున్నాను.

ఆ బడి కోసం దరఖాస్తు కాగితం రాస్తుంటే "ఇంట్లో మాట్లాడే భాష" అన్న గడి వచ్చింది. దాన్ని అన్నిటికన్నా పైన పెట్టమన్నాను, ఏ పరీక్ష ఏ భాషలో చెయ్యాలో దాన్ని బట్టే తేలుతుంది కనక. ఐదేళ్ళ కిందట మా అమ్మాయిని బడిలో చేర్చినప్పుడు ఇదే గడిలో నేను ఇంగ్లీషు అని రాశాను. తెలుగు అని రాస్తే పిల్లని వెనకబడిన వరసలో వేస్తారని భయం. అప్పట్లో మాట రావడం ఆలస్యమైతే రెండు భాషల వల్లేనని ఎవరో అంటే నమ్మి, రెండేళ్ళు ఇంట్లో తెలుగు ఆపేశాను. రెండు భాషలు డిస్లెక్సియా తెచ్చిపెట్టవని తరవాత స్పీచ్ థెరపిస్టే చెప్పారు. పిల్లకి బాగా వచ్చిన భాషలో పరీక్షించాలని అమెరికా చట్టంలోనే ఉంది. నేను రాసిన ఒక్క మాట వల్ల తెలుగులో తను ఏం వింటుందో, ఎంత పట్టుకుంటుందో ఆ టీమ్‌లో ఎవరూ చూడలేదు. వచ్చే నెల ఐఈపీ మీటింగు ఉంది. ఆ గడి మార్పించమని ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. మారిస్తే మళ్ళీ పరీక్షలంటారేమో, మళ్ళీ ఆ గదిలో గంటలకొద్దీ కూర్చోబెడతారేమో. ఒప్పుకుంటావా అని తననే అడగాలి. ఇంకా అడగలేదు.