ఒక్క ఫోన్ చేయొచ్చుగా అన్నా

"మూడు వారాలు మెయిల్స్ రాశారు. ఒక్క ఫోన్ చేయొచ్చుగా అన్నా?"

మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్‌లో మా టీమ్ అమ్మాయి అన్న మాట ఇది. టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

మ్యూనిక్ వెళ్లి ఆరేళ్లయింది. అక్కడి మా ఆఫీసులో ముందు అడగకుండా ఫోన్ చేస్తే మర్యాద కాదు. సాయంత్రం అయిదు దాటితే అసలే చేయరు. ఆ పద్ధతి నాకు నిజంగా నచ్చింది. పైగా అక్కడ అయిదంటే వేసవిలో ఇక్కడ ఎనిమిదిన్నర, తను ఇంట్లో ఉండే వేళ. అందుకే మెయిల్ రాసేవాణ్ని.

హైదరాబాద్ టెస్ట్ డొమైన్ (ఒకే లాగిన్ వ్యవస్థ కింద ఉండే మెషీన్ల గుంపు) నుంచి మ్యూనిక్ డొమైన్‌లోని వెబ్ సర్వీస్‌ని పిలిస్తే ఎప్పుడూ 401, అంటే "నువ్వెవరో తేలలేదు, రానివ్వను" అనే జవాబు. ఇక్కడి డొమైన్ లోపల మాత్రం అన్నీ బాగానే లాగిన్ అవుతున్నాయి. రెండు డొమైన్లు ఒకదాని లాగిన్‌ను ఒకటి నమ్మేలా ట్రస్ట్ ఉంది, లాగిన్ వ్యవస్థలో సర్వీస్‌కి నమోదైన పేరు, ఎస్‌పీఎన్, సరిగ్గానే ఉంది. "సమస్య హైదరాబాద్ వైపే, చూడండి" అని రాశాను. రెండోసారి పైవాళ్లను సీసీలో పెట్టి మరీ రాశాను.

ఇక్కడికొచ్చి తన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే అరగంటలో తేలిపోయింది. లాగిన్లు చూసుకునే సర్వర్, అదే డొమైన్ కంట్రోలర్, స్క్రీన్ మూల 3:10. నా వాచీలోనూ 3:10. ఎవరికి అనుమానం వస్తుంది? కానీ టైమ్ వేసిన టికెట్లతో లాగిన్ చేయించే కెర్బరోస్ చూసేది స్థానిక టైమ్‌ని కాదు, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీని. సర్వర్లన్నీ జర్మనీ ఇమేజ్‌తో, అంటే అక్కడి రెడీమేడ్ సెటప్ కాపీతో, పెట్టారు, టైమ్ జోన్ బెర్లిన్‌దే ఉండిపోయింది. గడియారం తప్పు చూపిస్తోందని ఎవరో జోన్ వదిలేసి టైమ్ ఒక్కటే మార్చారు. దాంతో యూటీసీ మూడున్నర గంటలు ముందుకెళ్లింది. కెర్బరోస్ మామూలుగా ఒప్పుకునే తేడా 5 నిమిషాలే. లోపలి మెషీన్లన్నీ ఆ కంట్రోలర్ టైమునే తీసుకుంటాయి కాబట్టి వాటిలో వాటికి గొడవ లేదు. గడప దాటితేనే తిప్పలు. పాత లాగిన్ పద్ధతి ఎన్‌టీఎల్‌ఎమ్‌ని మా సర్వీస్ ఒప్పుకోదు కనుక ఇక 401 తప్ప దారి లేదు. జోన్ మార్చి, టైమ్ సరిచేసి, పాత టికెట్లు తీసేశాక 200, అంటే "అంతా సరే" అని, వచ్చింది. తను రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. మూడు వారాలు తప్పు తనదేననుకుందట.

అక్కడ నేర్చుకున్నది తప్పని ఇప్పటికీ అనను. రాత్రి పూట ఫోన్ చేసి మనిషిని పీక్కుతినడం మన దగ్గర మరీ ఎక్కువ. కానీ మ్యూనిక్‌లో పొద్దున పదకొండంటే ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరే కదా. అప్పుడెందుకు చేయలేదు? టీ చల్లారినా నాకు జవాబు దొరకలేదు.

సాయంత్రం కూకట్‌పల్లికి ఆటోలో వెళ్తుంటే అమ్మ మెసేజ్ వచ్చింది. "ఖాళీగా ఉన్నావా నాన్నా, ఫోన్ చేయనా?"

నేను ఊళ్లోనే ఉన్నాను.