గట్టమ్మ దగ్గర మెత్తబడ్డ బ్రేకు

ములుగు దారిలో వెళ్లే బండ్లు గట్టమ్మ గుడి దగ్గర కాసేపు ఆగడం ఆనవాయితీ. మేడారం వెళ్లేవారు సమ్మక్క సారలమ్మల కంటే ముందు ఈ తల్లికే మొక్కుతారు. మేం వెళ్తున్నది రామప్పకే అయినా ఆగాం. కాకపోతే ఆగాలనుకున్న చోటు దాటి, కొబ్బరికాయల దుకాణం ముందు దాకా వెళ్లి ఆగాం.

హనుమకొండ నుంచి ఆత్మకూరు, మల్లంపల్లి మీదుగా వస్తున్నంతసేపూ మా కారు బ్రేకు పెడల్ కొంచెం లోతుకు వెళ్తూనే ఉంది. ఇక్కడికి వచ్చేసరికి తడి స్పాంజి మీద కాలు పెట్టినట్టు అయిపోయింది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పైకి లేస్తుంది. కాలు అలాగే అదిమి ఉంచితే నెమ్మదిగా దిగిపోతుంది.

పెద్దనాన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైర్ అయిన మనిషి. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. "రెండో గేరులో మెల్లగా ములుగు దాకా పోదాం" అంటే వినలేదు. "ఆగుతుందో లేదో తెలియని బండి కదలకూడదు" అన్నారు. ఆటో ఎక్కి నేనే వెళ్లి మెకానిక్‌ను పిలుచుకొచ్చాను.

ఆయన వస్తూనే స్పానర్ తీయలేదు. సీట్లో కూర్చుని కాలితో పరీక్ష పెట్టాడు. "ఘాట్ రోడ్డు ఏమైనా దిగారా?" అని అడిగాడు. లేదన్నాను. మంచి ప్రశ్నే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. పెద్ద దిగుడులో బ్రేకులు కాలితే ఆ ఆయిల్ మరిగి, ఆవిరి బుడగలు కట్టి, పెడల్ మెత్తబడుతుంది. మేం వచ్చిందేమో చదునైన రోడ్డు.

తర్వాత బానెట్ ఎత్తాడు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కింది గీతకూ దిగువన ఉంది. తొక్కగా తొక్కగా లేచే పెడల్ అయితే లైనులో గాలి చేరి ఉండాలి, లేదా వెనుక చక్రాల డ్రమ్ములకూ, వాటిని లోపలి నుంచి ఒత్తి ఆపే షూలకూ మధ్య సందు పెరిగి ఉండాలి. అదిమితే జారిపోయే పెడల్ అయితే ఎక్కడో కారుతుండాలి, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు అరిగి ఆయిల్ లోలోపలే వెనక్కి తప్పుకుంటుండాలి. లోపలే తప్పుకుంటే డబ్బాలో మట్టం తగ్గదు. మాది తగ్గింది. అంటే బయటికే పోతోంది. ఒక్కో చక్రం లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమాడు. వెనుక ఎడమ చక్రం దగ్గర వేళ్లు తడిశాయి.

డ్రమ్ము విప్పితే షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు కప్పు చిరిగి, షూలు ఆయిల్‌లో నానిపోయి ఉన్నాయి. మాకు అంతో ఇంతో బ్రేకు మిగలడానికి కారణం పైపులు రెండు దారులుగా విడిపోయి ఉండటమే. ఒక ముందు చక్రం, దానికి ఎదురుమూల వెనుక చక్రం కలిసి ఒక జత. ఒక జత చెడినా రెండోది పని చేస్తుంది.

ఆయిల్ తాగిన షూలను కడిగి వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఒక్క వైపే మార్చడానికీ ఒప్పుకోలేదు, బండి ఒక పక్కకు లాగుతుందట. సిలిండర్, రెండు చక్రాలకూ షూలు హనుమకొండ నుంచి మా బావమరిది బైకు మీద తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మొక్కు తీర్చుకుని వెళ్లే ప్రతి కుటుంబమూ మా దగ్గర ఆగి ఒక సలహా ఇచ్చి వెళ్లింది.

అసలు పని గాలి తీయడం. పెడల్ మీద పెద్దనాన్న, చక్రం కింద మెకానిక్. చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్‌కు సన్నని గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచారు. "తొక్కండి బాపూ... పట్టండి." నిపిల్ వదులు చేయగానే సీసాలో బుడగలు. "బిగించాను, ఇప్పుడు వదలండి." ఈ వరుస తప్పకూడదు. నిపిల్ తెరిచి ఉండగా కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికే వస్తుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి వచ్చారు. కొన్ని కార్లలో వరుస వేరట. నాకు అప్పగించింది డబ్బా ఖాళీ కాకుండా చూడటం. బుడగలు ఆగి, నల్లబారిన ఆయిల్ పోయి లేత పసుపు రంగు వచ్చేదాకా పోస్తూనే ఉన్నాను. ఒక చుక్క ఫెండర్ మీద పడితే మెకానిక్ వెంటనే నీళ్లు కొట్టాడు, పెయింటు లేచిపోతుందని.

పెద్దనాన్నకు ఇదంతా వింత. "మా బస్సులో గాలి నిండితేనే బ్రేకు. నీ కారులో గాలి దూరితే బ్రేకే లేదు. ఇదేం బండిరా!" అన్నారు. కానీ కాలు మాత్రం చెప్పిన చోట చెప్పినట్టు ఆపారు. సర్వీసు మనిషి.

చివర్లో ఇంజను ఆన్ చేసి, పెడల్‌ను గట్టిగా అదిమి అర నిమిషం పట్టి చూశాం. జారలేదు. ఖాళీగా ఉన్న చోట నెమ్మదిగా నడిపి, ఆపి, మళ్లీ నడిపాం. కొత్త షూలు డ్రమ్ముకు కుదురుకునేదాకా గట్టి బ్రేకులు కొట్టవద్దని చెప్పి, మెకానిక్ డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు.

జంగాలపల్లి దగ్గర మలుపు తిరిగి, రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరేసరికి ఎండ వాలింది. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. మదనికలనే స్త్రీ శిల్పాల నల్లరాతి నునుపు చూడటానికి ఏటవాలు వెలుగే మంచిది కాబట్టి ఆలస్యం మాకు కలిసొచ్చింది. పెద్దనాన్న మాత్రం నీటిలో తేలే ఇటుకల గురించి గైడును రెండుసార్లు అడిగి, పార్కింగ్‌లోకి వెళ్లి వెనుక చక్రం పక్కన వంగారు. పొడిగానే ఉంది. తాళంచెవి ఇవ్వకుండా తిరుగు ప్రయాణంలో తానే స్టీరింగ్ పట్టారు. నాలుగు రోజుల తర్వాత ఫోను చేసి ఆయిల్ మట్టం ఎంతుందని అడిగారు. పై గీత మీదే ఉందన్నాను. అయితే వచ్చే ఆదివారం లక్నవరం, బండి తానే నడుపుతారట.