రొంబ దూరం

తంజావూరు పాత బస్టాండు బయట ఆటో అతను త్యాగరాజు ఊరైన తిరువైయారు పేరు వినగానే పెదవి విరిచి "రొంబ దూరం" అన్నాడు. నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కల్లో ఆ రెండూ ఉన్నాయి కాబట్టి చాలా దూరం అంటున్నాడని అర్థమైంది. ఎంత దూరమయ్యా అంటే పదమూడు కిలోమీటర్లు. ఎంతిమ్మంటావు అంటే ఏడు వందలు, వెయిటింగ్ వేరే! ముందురోజు కూడా ఒకాయన ఇలాగే సందులన్నీ తిప్పి నూట ఎనభై గుంజాడు, అదీ నడిస్తే పావుగంట పట్టే దారికి. ఆ కోపం ఇంకా తగ్గలేదు, దండం పెట్టి టౌన్ బస్సెక్కేశాను.

ఆ ముందురోజు గురించి పెద్దగా చెప్పను. పెద్ద గుడి గురించి అందరూ రాశారు. నేను వెళ్లింది పడమటి రాజవీధికి, బంగారు కామాక్షి గుడి ఉన్నచోటికి. త్యాగరాజుతో పాటు సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన శ్యామశాస్త్రి (1762-1827) వాళ్ల వంశం ఆ అమ్మవారి అర్చకులు, ఆయన ఉన్నదీ ఆ వీధిలోనే. బొబ్బిలి కేశవయ్య అనే మన విద్వాంసుడు ఊళ్లన్నీ గెలుచుకుంటూ తంజావూరు వచ్చి శ్యామశాస్త్రి దగ్గర ఓడిపోయాడని కథ చెబుతారు. పోటీకి ముందు శ్యామశాస్త్రి ఈ గుడిలో కూర్చుని "దేవీ బ్రోవ సమయమిదే" పాడాడట. అమ్మవారు చిన్నగా, నల్లగా ఉంది, గర్భగుడిలో చీకటి. అర్చకుడు హారతి చూపిస్తూ ఏ ఊరని అడిగాడు. రాజమండ్రి అంటే "ఓ, గోదావరి" అన్నాడు. అంతే.

బస్సు సంగతికి వస్తాను. ఇరవై నోటు తీసి కండక్టరు చేతిలో పెట్టబోతే తల అడ్డంగా ఊపి ఊరికే ఒక టికెట్ చించి ఇచ్చాడు. ఇక్కడ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీ, ఏ ఊరని కూడా అడగలేదు. హైదరాబాద్‌లో అయితే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి, దాని మీద తెలంగాణ అడ్రస్ ఉండాలి. రాజమండ్రి అడ్రస్ మార్చుకోని పాపానికి నేను అక్కడ ఇప్పటికీ డబ్బులిచ్చే తిరుగుతున్నాను. ఆటోవాడి ఏడు వందలు మిగిలాయన్న సంతోషంలో కిటికీ పక్కన సెటిలయ్యి నదులు లెక్కపెడదామనుకున్నాను, ఎందుకంటే ఐయారు అంటేనే ఐదు నదులు: వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, చివర కావేరి. ఏప్రిల్ కదా, వెణ్ణారులో నీళ్లకంటే ఇసకే ఎక్కువుంది. గోదావరి రైలు బ్రిడ్జి మీద మూడు నిమిషాలు నీళ్లే చూసి పెరిగినదాన్ని, దీన్ని కూడా నది అంటారా అని మనసులో అనుకున్నాను, తప్పే.

పక్కన కూర్చున్న పెద్దావిడ వళ్లో నోటు పుస్తకం తెరిచి పెట్టుకుంది. తమిళ అక్షరాలు, ఒక్కో అక్షరం పక్కన పైన బుల్లి అంకెలు, 2, 3, 4 అని. తాళం లెక్కలేమో అనుకున్నాను. ఆవిడ వేలు పెట్టుకుని సన్నగా పాడడం మొదలుపెట్టాక తెలిసింది: "ఖగరాజు నీ యానతి విని..." త్యాగరాజు కీర్తన నగుమోములో చరణం! తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, అందుకని ఎన్నో క అన్నది అంకె వేసి గుర్తుపెట్టుకుంటారట. రెండో క అంటే ఖ, మూడో క అంటే గ. ఆవిడ ఆ రెండంకె చూసి "ఖ"ని గుండెల్లోంచి ఒత్తి మరీ పలికింది. మేమైతే హాయిగా కగరాజు అనేస్తాం.

నేను తెలుగుదాన్నని తెలియగానే పుస్తకం నా వైపు తిప్పి, ఒక చోట వేలు పెట్టి "అర్థం?" అంది. "గగనానికిలకు బహు దూరంబనినాడో" అన్న చోట. ఎలా చెప్పను? ఆవిడకి తెలుగు రాదు, నాకు తమిళం రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతే. చేతులు రెక్కల్లా ఆడించి గరుడన్ అన్నాను. వేలు పైకి చూపించి రాముడు కమ్ అన్నాడని చెప్పాను. తర్వాత ఆకాశం, భూమి చూపించి, గరుడన్ వాట్ సే అంటే, పెదవి విరిచి "రొంబ దూరం" అన్నాను.

అన్నాక నాకే నవ్వొచ్చింది. అచ్చం ఆటోవాడే! చిన్నప్పట్నించీ ఈ పాట రేడియోలో వింటూ కళ్లు తుడుచుకునే అమ్మని చూసినదాన్ని, ఇందులో ఇంత వెటకారం ఉందని ఎప్పుడూ పట్టించుకోలేదు. నువ్వు రావట్లేదు సరే, బండివాడు రానన్నాడా ఏంటి, అని దేవుణ్ణి అడుగుతున్నాడు త్యాగరాజు. ఆవిడ ఒక్క క్షణం అలా చూసి, తర్వాత సీటు ఊగేలా నవ్వింది. నలభై ఏళ్లుగా పాడుతోందట, గరుడుడు ఎంత వేగంగా ఎగురుతాడో పొగుడుతున్నారనుకుందట. ఈ గొడవలో వెట్టారు ఎప్పుడు దాటిందో చూడనే లేదు.

త్యాగరాజు ఉన్న తిరుమంజన వీధిలో ఇప్పుడున్నది పాత ఇల్లు కాదు, ఆ స్థలంలో కట్టిన కొత్త కట్టడం. శుభ్రంగా ఉంది, అంతకు మించి నాకేమీ అనిపించలేదు. కావేరి ఒడ్డున సమాధి దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నాను. ఆయన 1847లో పోయారు, తర్వాత ఆ చోటు పట్టించుకునేవాళ్లు లేక పాడుబడితే, బెంగళూరు నాగరత్నమ్మ అనే గాయని తన సొంత డబ్బుతో 1920ల్లో గుడి కట్టించింది. అంత చేసినా ఏటా ఆయన వర్ధంతికి పాటలతో జరిపే ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు, ఆవిడ వేరేగా ఆడవాళ్ల ఆరాధన పెట్టి పాడించింది. ఈవిడే 1910లో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనం అచ్చేయించింది, మా ఊరి వీరేశలింగం పంతులుగారు దాన్ని బూతని తిట్టినా. బడిలో ఉండగా పంతులుగారి ఇల్లు చూడ్డానికి మమ్మల్ని లైన్లో నిలబెట్టి తీసుకెళ్లారు గానీ, ఈ గొడవ ఒక్కరూ చెప్పలేదు. ముద్దుపళని రాజు ప్రతాపసింహుడి కాలంలో తంజావూరులోనే ఉంది. ఆవిడ పేరు మీద ఒక వీధో బోర్డో కనబడుతుందేమోనని ముందురోజంతా చూశాను, నా కంటికైతే కనబడలేదు.

బస్సులో పెద్దావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ పాటలోదే ఇంకో ముక్క మిగిలిపోయిందట: "వగ చూపకు తాళను". వగ అంటే దుఃఖం కదా, దుఃఖం చూపించకు అంటే కుదరట్లేదే అని అమ్మకి ఫోన్ చేశాను. "వగలు పోకే అంటాం చూడూ, ఆ వగ! నా దగ్గర వేషాలు వెయ్యకు, తట్టుకోలేను అంటున్నాడు" అంది అమ్మ. సరే, వగలకి తమిళంలో ఏమంటారు? సమాధికి ఎదురుగా నమస్కారం పెడుతున్న నాగరత్నమ్మ విగ్రహం ముందు, బుగ్గన వేలు పెట్టుకుని, నడుము ఓ పక్కకి విరిచి, కళ్లు తిప్పి చూపించాను. పెద్దావిడకి వెంటనే తెలిసిపోయింది. కాపలా అతను మాత్రం చీపురు పక్కన పెట్టి మా వైపు నడిచి రావడం మొదలుపెట్టాడు.