అగబు కరవు వస్తుందన్నాడు, అంతియొకయ సంఘం ఏం చేసింది?

వాన రెండు రోజులు గట్టిగా పట్టుకుందంటే చాలు, మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో మత్తయి 24:7 తిరగడం మొదలవుతుంది. పైన "అక్కడక్కడ కరవులును భూకంపములును కలుగును" అని వాక్యం, మధ్యలో ఎక్కడో కూలిన వంతెన ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో "రాకడ సమీపం, నువ్వు సిద్ధమా?" అని. సిద్ధపడమనడంలో తప్పేమీ లేదు. యేసయ్య మళ్లీ వస్తాడని మనసారా నమ్ముతున్నవాణ్ణే నేను. సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి వస్తాడని ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో అందరితో కలిసి చెప్పేవాణ్ణే. నాకు బాధ కలిగించేది ఒకటే, ఆ ఏడో వచనాన్ని ముందూ వెనకా కత్తిరించి పంపడం. ముందున్న ఆరో వచనంలో ప్రభువు ఏమన్నాడు? "మీరు కలవరపడకుండ చూచుకొనుడి. ఇవి జరుగవలసియున్నవి గాని అంతము వెంటనే రాదు." ఎనిమిదో వచనంలో "ఇవన్నియు వేదనలకు ప్రారంభము" అన్నాడు. కలవరపడొద్దని చెప్పిన మాటనే తీసుకుని జనాన్ని కలవరపెడుతున్నాం, అదీ ఇంట్లోకి నీళ్లు వస్తాయేమోనని వాళ్లు సామాన్లన్నీ మంచాల మీదకి ఎక్కించుకుంటున్న టైంలో.

ఆ అధ్యాయం ఎక్కడ మొదలైందో కూడా చూడాలి. శిష్యులు దేవాలయం కట్టడాలు చూపిస్తే, ఇక్కడ రాతిమీద రాయి నిలవదని ఆయన చెప్పాడు. ఒలీవల కొండ మీద వాళ్లు అడిగిన ప్రశ్న అక్కడి నుంచి పుట్టిందే. ఆ దేవాలయాన్ని క్రీ.శ. 70లో తీతు నడిపిన రోమా సైన్యం కూల్చేసింది, అంటే ఆయన చెప్పినదాంట్లో కొంత ఆ తరంవాళ్ల కళ్ల ముందే జరిగిపోయింది. పెంతెకొస్తు రోజున పేతురు లేచి నిలబడి యోవేలు ప్రవచనం, అదే చంద్రుడు రక్తంగా మారే ప్రవచనం, ఎత్తి చెప్పి, యోవేలు చెప్పిన సంగతి ఇదే అన్నాడు. అంత్యదినాలు మన చేతికి ఫోన్లు వచ్చాక మొదలైనవి కావు. సంఘం పుట్టిన రోజు నుంచీ విశ్వాసులు అంత్యదినాల్లోనే బతుకుతున్నారు, అందులోనే పెళ్లిళ్లు చేశారు, పంటలు వేశారు, కరువులు చూశారు.

ఇక ఏ వరుసలో ఏది జరుగుతుందన్న దగ్గర ఒక్కో సంఘం ఒక్కో రకంగా బోధిస్తుంది. పెంతెకొస్తు, బ్రదరన్ మందిరాల్లో ఎక్కువగా ముందు సంఘం ఎత్తబడటం, తర్వాత ఏడేండ్ల శ్రమలు, ఆ తర్వాత క్రీస్తు వెయ్యేండ్ల పరిపాలన అని చెప్తారు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు, లూథరన్లు ఆ వెయ్యేండ్లను సంఘం ఇప్పుడు బతుకుతున్న కాలంగానే చూస్తారు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో రెండు రకాలవాళ్లూ కనిపిస్తారు. ఎవరు ఏ వరుస నమ్మినా మత్తయి 24లో 36వ వచనం అందరికీ ఒకటే: ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ నమ్మినవాళ్లు 1844 అక్టోబర్ 22 కోసం ఎదురుచూశారు, పంట కోయకుండా పొలాల్లో వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, ఆ రోజు గడిచిపోయాక అక్టోబర్ 21 అన్నాడు. వీళ్లను చూసి నవ్వాలని చెప్పడం లేదు. వాళ్లను నమ్మి ఉన్నదంతా వదులుకున్న కుటుంబాలు తర్వాత ఎలా తలెత్తుకుని ఉంటాయి, వాళ్ల పిల్లలు మళ్లీ బైబిలు తెరిచి ఉంటారా అన్నదే నా బెంగ.

మన సీమలో కూడా తేదీలు కలిపి చూసేవాళ్లు తక్కువేం లేరు. 2009లో సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి హెలికాప్టర్ పావురాలగుట్ట దగ్గర కూలింది, సరిగ్గా నెలకు అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేశాయి. ఇంకేముంది, లెక్కలు మొదలయ్యాయి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయినప్పుడు, ఆ రోజే చంద్రగ్రహణం అన్నారు, 1977లో దివిసీమ ఉప్పెన వచ్చింది కూడా నవంబర్ 19నే అన్నారు. రెండూ నిజమే. కానీ ఆ గ్రహణం మన కడపలో కనిపించనే లేదు, ఈశాన్య రాష్ట్రాల్లో ఆ చివరన కాసేపు కనిపించిందంతే. కడప వాళ్లకు దేవుడు సూచన ఇవ్వాలనుకుంటే కడపలో కనిపించని చంద్రుడితో ఇస్తాడా? కొంచెం నిలబడి ఆలోచించాలి కదా.

ఆ తెల్లవారుజామున జరిగింది వేరు. వాయుగుండం వానకు పైన పింఛా ప్రాజెక్టు తెగింది, ఆ నీళ్లూ వచ్చి అన్నమయ్య మీద పడ్డాయి, మట్టికట్ట కొట్టుకుపోయింది, రాజంపేట మండలంలో తొగురుపేట, పులపత్తూరు, మందపల్లి మీదకి చెయ్యేరు వచ్చిపడింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. ఏటి ఒడ్డున శివాలయంలో దీపాలు పెట్టడానికి వెళ్లినవాళ్లు కూడా ఆ నీళ్లలో పోయారు. ఆ ప్రాజెక్టు గేట్లలో ఒకటి పనిచేయడం లేదని తర్వాత కేంద్ర మంత్రే రాజ్యసభలో చెప్పారు. ఇప్పుడు, దీపం పెట్టడానికి వెళ్లినవాళ్లు పోయారు కాబట్టి అది దేవుని ఉగ్రత అని మన వైపు నుంచి ఎవరైనా అంటే, నేను ఆ మనిషి ముందు లూకా 13 తెరిచి పెడతాను. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న అందరికంటే పెద్ద అపరాధులా అని యేసయ్యే అడిగి, ఆయనే "కారని మీతో చెప్పుచున్నాను" అని జవాబిచ్చాడు. అంతటితో ఆపలేదు, మీరు మారుమనస్సు పొందండి అని బతికున్నవాళ్ల వైపు తిరిగాడు. ఆయన వేలు పోయినవాళ్ల మీద లేదు. 1755లో నవంబర్ 1న, పరిశుద్ధులందరి పండుగ రోజు ఉదయం, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చినప్పుడు ఆరాధనలో ఉన్న విశ్వాసుల మీదే చర్చిల పైకప్పులు కూలాయి. శివాలయం దగ్గర ఉగ్రత అన్నవాళ్లు లిస్బన్ దగ్గర ఏమంటారు? పనిచేయని గేటు దగ్గర పాపం ఉందంటే ఒప్పుకుంటాను, అది మనుషుల నిర్లక్ష్యం అనే పాపం, దాన్ని దేవుని లెక్కలో వేయకూడదు.

అయితే తీర్పు అనేదే లేదా అని అడుగుతారు. ఉంది. నోవహు జలప్రళయం, సొదొమ, ఐగుప్తు తెగుళ్లు బైబిల్లో ఉన్నవే, నేను వాటిని చెరిపేయడం లేదు. కానీ అక్కడ ఇది ఎందుకు చేస్తున్నానో దేవుడే తన నోటితో, తన సేవకుల నోటితో ముందుగా చెప్పాడు. మనకు ఎవరు చెప్పారు? యోబు పిల్లలు పెనుగాలికి ఇల్లు కూలి చచ్చిపోతే, నీ పాపమే అని అతని స్నేహితులు పేజీలకు పేజీలు వాదించారు, ఆఖర్లో దేవుడు కోపపడింది ఆ స్నేహితుల మీదే. సమరయ ఊరి మీద అగ్ని కురిపించమంటావా అని యాకోబు, యోహాను అడిగితే ప్రభువు వాళ్లను గద్దించాడు. ఏలీయా ముందు గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది, వాటిలో యెహోవా ప్రత్యక్షం కాలేదని మొదటి రాజులు 19 చెప్తుంది. "మిక్కిలి నిమ్మళముగా" మాట్లాడే స్వరం ఆ తర్వాత వచ్చింది.

2009 వరద తీసిన తర్వాత కర్నూలు పాతబస్తీలో నేను చూసింది ఒకటి చెప్తాను. ఆ ఏడాది వానలు పడక కరువు కరువని అల్లాడుతున్న జిల్లా, ఒక్క వారంలో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద చూసింది. నీళ్లు పోయాక ఇళ్లలో మోకాలి లోతు ఒండ్రు, బియ్యం బస్తాలు నాని పులిసిన వాసన, మేడ మీద ఇటుక ముక్కలు పెట్టి ఆరబెట్టిన పెండ్లి ఫొటోలు, పేజీకి పేజీ అంటుకుపోయిన బైబిలు. ఒక అవ్వ స్టీలు పళ్లెంతో గడప దగ్గర బురద గీకి బయట పోస్తోంది. బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు, తెల్లచొక్కా, చేతిలో మైకు, వీధి మొదట్లో నిలబడి ఈ పట్టణం పాపం పండిందనీ ఇదే కడవరి సూచన అనీ చెప్తున్నాడు. అవ్వ చాలాసేపు వింది. తర్వాత పళ్లెం పక్కన పెట్టి అడిగింది: "నాయనా, తాగేకి నీళ్లేమన్నా తెచ్చినావా?" ఆయన తేలేదు. చుట్టూ అన్ని నీళ్లు, తాగడానికి గుక్కెడు లేవు. అదే వీధిలో మసీదు వాళ్లు డ్రమ్ముల్లో మంచినీళ్లు తెచ్చి అందరికీ పోస్తున్నారు, ఎవరు ఏ మతం అని అడగలేదు. ఆ రోజు మత్తయి 25లో ప్రభువు చెప్పిన "దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి" అన్న మాట నాకు చదువుతున్నట్టు కాదు, వింటున్నట్టు అనిపించింది. 24 చదివి 25 దగ్గర ఆగిపోతున్నాం మనం. రెండూ ఆయన ఒకే కొండ మీద, ఒకే కూర్చోవడంలో చెప్పిన మాటలు.

ఇంకో సంగతి, మత్తయి 24 ఏడో వచనంలో భూకంపాల కంటే ముందు కరవులు ఉన్నాయి. వరద ఫొటో షేర్ చేసేవాళ్లు అనంతపురం కరువు ఫొటో ఎందుకు షేర్ చేయరు? దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా దానికి పేరు, ఏడాదికి 550 మిల్లీమీటర్లు దాటితే గొప్ప. బుడ్డలు (వేరుశనగ) వేస్తారు, ఊడలు దిగే టైంకి వాన మొహం చాటేస్తుంది, చెట్టు పీకితే కింద రెండు కాయలు, అవీ లొట్టలు. దానికి చప్పుడు ఉండదు, కూలే వంతెన ఉండదు. బెంగళూరు బస్సు ఎక్కే కుటుంబాలు ఉంటాయి, ఇంట్లో అవ్వ తాతల దగ్గర మిగిలిపోయే పిల్లలు ఉంటారు. ప్రభువు చెప్పిన వేదనల్లో మనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే, మనం మాత్రం దాన్ని సూచన కింద లెక్కపెట్టం.

అందుకే నాకు అపొస్తలుల కార్యములు 11 చివర్లో ఉన్న నాలుగు వచనాలంటే అంత ఇష్టం. యెరూషలేము నుంచి కొందరు ప్రవక్తలు అప్పటి సిరియాలోని అంతియొకయ పట్టణానికి వచ్చారు. వాళ్లలో అగబు అనేవాడు లేచి, లోకమంతటా గొప్ప కరవు రాబోతోందని ఆత్మ ద్వారా చెప్పాడు. అది క్లౌదియ చక్రవర్తి కాలంలో వచ్చింది కూడా. నిజమైన ప్రవక్త, నిజమైన ప్రవచనం, లోకమంతా అనే మాట కూడా ఉంది. అంతియొకయ సంఘం ఇది యుగాంతమా కాదా అని కూటం పెట్టి ఉండొచ్చు, ఆ పుస్తకం రాసిన లూకా దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. శిష్యుల్లో ప్రతివాడూ తన శక్తికొద్దీ యూదయలో ఉన్న సహోదరులకు సహాయం పంపాలని నిశ్చయించుకున్నాడు అని రాశాడు. ప్రవచనం విన్న వెంటనే ఎవరు ఎంత ఇస్తారన్న మాట వచ్చింది! పైగా కరవు లోకమంతటా అన్నప్పుడు అది తమ ఊరికీ వస్తుందని వాళ్లకు తెలియదా? తెలిసే పంపారు. రాకడ కోసం సిద్ధపడటం అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే నేను ఇదే చూపిస్తాను, ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

మన తెలుగు నేల మీద కూడా ఇలా చేసినవాళ్లు ఉన్నారు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. ఆ పని జరిగినంత కాలం బాప్తీస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం పని ముగిశాకే 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మందికి బాప్తీస్మం జరిగింది. ఆ సంఖ్య మన ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం, అంతకుముందు ఆయన పట్టిన ఓపిక గురించి ఎవరూ చెప్పరు. విపత్తును ఎర చేయకుండా ఉండటానికి ఎంత భక్తి కావాలో! అనంతపురానికి 1969లో వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ ఒకప్పుడు జెస్యూట్లు అనే కాథలిక్ గురువుల సభలో ఫాదర్. ఆయన పెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కట్టిన ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి చూసినవాళ్లకు కరువు సీమలో విశ్వాసం ఎలా కనిపిస్తుందో నేను వివరించక్కర్లేదు.

కాబట్టి అన్నలూ, అక్కలూ, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు మీ సంఘంలో ఒకసారి కూర్చోండి. ఏటి పక్కన, వంక పక్కన గుడిసెల్లో ఎవరున్నారు, నడవలేని ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, రాత్రి పూట మందిరం తాళం ఎవరి దగ్గర ఉంటుంది, స్లాబు మందిరమైతే ఎంతమంది పడుకోవచ్చు, ఈ నాలుగూ రాసి పెట్టుకోండి. మన సంఘస్తులవే కాదు, వీధిలో అందరి ఇళ్లూ రాయండి. ప్రార్థన చేయండి, కీర్తన 46 చదువుకోండి, ఆపత్కాలంలో ఆయన నమ్ముకోదగిన సహాయకుడు. స్త్రీల సమాజం వాళ్లు దుప్పట్లు, బియ్యం పోగుచేయడం మొదలుపెడితే మగవాళ్లు లారీ కిరాయి సంగతి చూడండి. డబ్బు విషయంలో మాత్రం అంతియొకయ వాళ్లలాగే చేయండి, వాళ్లు ఆ సొమ్మును బర్నబా, సౌలు ఇద్దరి చేతా పంపారు. మీరు కూడా ఇద్దరికి అప్పగించి, వచ్చిందెంత, ఇచ్చిందెంత, ఎవరికి ఇచ్చారు అన్నది మందిరం నోటీసు బోర్డు మీద పెట్టండి.